గట్లు తల్లివి

కిన్నెరసాని వెళ్లి గోదావరిలో కలిసే వైపు, చేలు అయిపోయి అడవి మొదలయ్యే అంచున ఒక ఊరు. ఆ ఊరికి పదిహేనేళ్ల వయసులో ఒక పిల్ల కోడలిగా వచ్చింది. పుట్టిల్లు వైరా చెరువు కింద, నీళ్లకి కరువు లేని చోట. అత్తగారింటికి ఉన్నది ఆరెకరాల వాలు చెలక. వాన పడితే అడవి నీళ్లన్నీ దాని మీదుగా దొర్లుకుంటూ వాగులోకి పోయేవి, మన్నుని కూడా వెంటబెట్టుకుని. జొన్నలో, నువ్వులో చల్లుకుంటే చేతికొచ్చిందే పంట.

"నీళ్లు నిలబడితే ఇది కూడా మా ఊరి పొలం లాంటిదే," అందామె ఒక రాత్రి మొగుడితో. "గట్లు వేద్దాం."

మొగుడు పార పట్టాడు. ఆమె తట్ట మోసింది. పెద్దవాడు కడుపులో ఉండగా అడవి వైపు గట్టు లేచింది. రెండోవాడు చంకలో ఉండగా నడిమి గట్టు. దిగువ గట్టు వేసేనాటికి కూతురు కొంగు పట్టుకుని వెంట తిరుగుతోంది, చిన్నవాడు చెట్టుకు కట్టిన ఉయ్యాల్లో ఉన్నాడు. వాలు చెలక మూడు మెట్ల మడి అయింది. వరి పండింది. ఊళ్లో వాళ్లు ఆ పొలాన్ని మొగుడి పేరు పెట్టి పిలిచారు. పహాణీలోనూ ఆ పేరే ఎక్కింది.

మడిలో ఏం వెయ్యాలన్నది మొగుడి ఇష్టం. గట్టు మీద ఏం వెయ్యాలన్నది ఎవరూ పట్టించుకోలేదు, అందుకని అది ఆమెదయింది. కంది, బొబ్బర్లు, గోంగూర, అక్కడక్కడా ఆముదం. మడిలో పండింది బస్తాల్లో ఖమ్మం పోయేది, గట్టు మీద పండింది కొంగులో ఇంటికొచ్చేది. బస్తాలకి మొగుడి ఖాతా పుస్తకంలో పేజీ ఉంది. కొంగుకి లేదు. కానీ వరి పోయిన ఏడు పిల్లలు బతికింది కొంగులో వచ్చిన దాని మీదే.

రోజూ తెల్లారుజామున ఆమె గట్ల మీద ఈ చివర నుంచి ఆ చివరకి ఒట్టి కాళ్లతో నడిచేది. ఎండ్రకాయ బొక్క పెడితే పైకి కనిపించదు, అరికాలి కింద మన్ను కాస్త దిగుతుంది. అక్కడే కూర్చుని ఇంత బంకమట్టి ముద్ద కూరి, మడమతో తొక్కి లేచేది. వేలెడు బొక్కని ఇవాళ వదిలేస్తే రేపటికి గండి. ఇంట్లో ఎవరూ ఆమెను ఆ పని చెయ్యమని చెప్పలేదు, చేసిందని కూడా ఎవరూ చెప్పుకోలేదు.

ఎగువ గూడెం నుంచి కోయ ఆడవాళ్లు ఎండాకాలం ఇప్పపువ్వు, చింతపండు, అడ్డాకులు తెచ్చేవాళ్లు. వాళ్లలో ఒకామెతో ఈమెకి బాగా కలిసింది. ఒకరికొకరు అక్కా, చెల్లె. ఆమె ఒడిలో ఈమె ఏటా మానెడు కంది విత్తనం పోసేది. మొగుడు "బదులుగా రాసుకోనా?" అంటే, "చెల్లెకి పెట్టింది పద్దు కాదు," అనేది.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు ఎక్కింది. మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేసేదే 53 అడుగులకి. పెద్ద నది దారివ్వకపోతే వాగులన్నీ వెనక్కి తన్నాయి. ఈ ఊళ్లోకి రాత్రిపూట నీళ్లొచ్చాయి. పిల్లల్ని, గేదెను తీసుకుని ఆమె గూడెం ఎక్కింది. దిగి వచ్చేసరికి గాదె లేదు, గాదెలోని గింజా లేదు. మొగుడు ఖాతా పుస్తకం ఎండబెట్టి, బాకీ ఉన్నవాళ్ల ఇళ్లకి తిరిగొచ్చాడు. వాళ్ల గాదెలూ ఖాళీయే. అప్పుడు గూడెం చెల్లె సొరకాయ బుర్ర నిండా కంది తెచ్చి గుమ్మంలో పెట్టింది. "నీ విత్తనమే అక్కా, మా కొండ మీద పెరిగింది."

ఆ ఏడు మళ్లీ గట్ల నుంచే మొదలుపెట్టారు.

ఏళ్లు గడిచాయి. కూతుర్ని సత్తుపల్లి వైపు ఇచ్చారు. చిన్నవాడు ఖమ్మంలో ఉద్యోగం చూసుకున్నాడు. మొగుడు పోయాడు. దినాలు అయిన మర్నాడే ముగ్గురు కొడుకులూ పెద్దమనుషుల్ని పిలిపించారు.

చింతచెట్టు కింద మంచం వేసి పంపకం మొదలైంది. మూడు మళ్లకి మూడు చీటీలు. ఎగువ మడి పెద్దవాడికి, నడిమిది రెండోవాడికి, దిగువది చిన్నవాడికి పడింది. ఇల్లు, గేదెలు, మోటారు, ఇత్తడి బిందెలు, ఆఖరికి పాత తలుపు చెక్కలు కూడా పంచుకున్నారు. అన్నీ అయ్యాక అమ్మ మిగిలింది.

"నాలుగు నెలలొకరు," అన్నాడు పెద్దవాడు.

"వానాకాలం నా వల్ల కాదు, ఇల్లు ఇరుకు," అంది రెండో కోడలు.

"అయితే వానాకాలం ఖమ్మంలో ఉంటది," అన్నాడు చిన్నవాడు.

పెద్దమనిషి కాగితం మడవబోతూ మర్యాదకి అడిగాడు. "ఏం పెద్దమ్మా, నీకేమన్నా కావాల్నా?"

"గట్లు నాకియ్యండి."

అందరూ నవ్వారు. గట్టుకి సర్వే నంబరుందా, పాసుపుస్తకం వస్తదా? రెండు మూరల వెడల్పు, మీద నాలుగు కంది మొక్కలు. పెద్దవాడు, "రాసెయ్యండి, ముసలామె ముచ్చట," అన్నాడు. తెల్ల కాగితం చివర పెద్దమనిషి ఒక ముక్క రాశాడు: గట్లు తల్లివి. ముగ్గురూ సంతకం పెట్టారు. ఆమె వేలిముద్ర వేసి, కాగితం ఒక నకలు అడిగి తీసుకుని పెట్టెలో పెట్టుకుంది.

మొదటి ఏడు ఆమె ఇంకా ఊళ్లోనే ఉంది, ఏ గొడవా లేదు. దమ్ము చేసే రోజున పెద్దవాడు పార తీసుకుని గట్టు పక్కన రెండు వేట్లు వేశాడు. గట్టు చెక్కడం ఊళ్లో అందరూ చేసే పనే. ఏటా బెత్తెడు చెక్కితే పదేళ్లకి ఒక సాలు కలిసొస్తుంది. ఆమె గట్టు మీద నిలబడి, "పార కింద పెట్టరా, అది నాది," అంది. వాడు ఊరి వాళ్ల ముందు ఏమీ అనలేక ఊరుకున్నాడు.

రెండో ఏడు వానలకి ముందే ఆమె వంతు ఖమ్మంలో పడింది. చిన్నవాడు వచ్చి బస్సెక్కించుకుని పోయాడు. దిగువ మడిని వాడు పత్తికి కౌలుకిచ్చాడు. ఇక్కడ పెద్దవాడు పైనుంచి చెక్కాడు. రెండోవాడు కింది నుంచి చెక్కాడు. అటు చెక్కింది ఇటువాడికి తెలియదు, ఇటు చెక్కింది అటువాడికి తెలియదు. కంది పెట్టినవాళ్లు లేరు, బొక్కలు పూడ్చినవాళ్లు లేరు. మనిషి నడిచే గట్టు కాకి వాలే గట్టయింది.

శ్రావణంలో ఒక రాత్రి అడవి మీద వాన కుండపోత పోసింది. పొద్దున్నే చూస్తే నడిమి గట్టుకి గండి. ఎగువ మడిలో ముందురోజే చల్లిన ఎరువు, దాంతో పాటు పైమన్ను, వాగుకి పోయింది. నడిమి మడిలో నాటు మీద మోకాలి లోతు ఇసుక మేట. దిగువ గట్టు తెగలేదు గానీ దానికి మడవ తీసేవాళ్లు లేక పత్తి నీళ్లలో నిలబడి కుళ్లింది. కౌలుదారు డబ్బు వెనక్కిమ్మని చిన్నవాడి మీదికి వచ్చాడు. అన్నదమ్ములిద్దరూ "నువ్వు చెక్కావంటే నువ్వు చెక్కావు" అని కర్రలు పట్టుకున్నారు.

పెద్దమనుషులు మళ్లీ కూర్చున్నారు. పాత కాగితం తీసి చివరి ముక్క పైకి చదివించారు. పెద్దమనిషి అడిగాడు: "మీలో మీకు తగువేంది? మీ ఇద్దరూ చెక్కింది మూడో మనిషి ఆస్తి. ఆమెకేం జవాబు చెప్తరు?"

ఆమెను పిలిపించారు. బస్సు దిగి ఆమె ఇంటికి పోలేదు, చేలోకి పోయింది. తిట్టలేదు, ఏడవలేదు. పార తెప్పించింది. తెగిన చోట పొడి మన్నంతా తోడి, తడి తగిలేదాకా దింపించింది. "పొడి మన్ను మీద తడి మన్ను అతకదు," అంది. వాగు ఒడ్డున గరికని పలకలుగా కోయించి, వేళ్లు లోపలికి పెట్టి రెండు అంచులూ కట్టించింది. నడుమ బంకమట్టి. పొరపొరకీ కొడుకులిద్దరి చేతా చెప్పులు విడిపించి మడమలతో తొక్కించింది. ఒక పక్కన రాయి పెట్టి, నీళ్లు పోయే మడవ వదిలింది. మునిమాపు వేళకి గట్టు లేచింది.

అన్నం దగ్గర పెద్దవాడు అడిగాడు. "అమ్మా, మా వల్ల నీ గట్టు పోయింది. ఏం కట్టమంటవ్?"

"నా కూలి కట్టండిరా. మొదటి తట్ట ఎత్తిన రోజు నుంచి."

ఆ రాత్రి పెద్దవాడు తండ్రి ఖాతా పుస్తకాలు దించాడు. వరదలో తడిసి ఎండిన పుస్తకం కూడా ఉంది. కలుపు కూలి, కోత కూలి, నాగలి కూలి, గట్టు పనికి పిలిచిన మనుషుల కూలి, మేకుకి, తాడుకి పెట్టిన పైసలతో సహా తండ్రి రాసుకున్నాడు. తెల్లారేదాకా వెతికినా అమ్మ కూలి ఒక్క చోట కూడా లేదు. లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో వాడికి తోచలేదు.

పొద్దున్నే తమ్ముళ్లిద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడాడు. పొలంలో అమ్మకొక వాటా తీసి ఆమె పేర పట్టా చేయిద్దామన్నాడు. చిన్నవాడు ముందు సణిగాడు, కౌలుదారుకి కట్టిన డబ్బు గుర్తొచ్చి ఊరుకున్నాడు. ఇంటి గదుల్లో ఒకటి ఆమెకని విడిచారు.

"మరి వంతులు?" అని అడిగాడు పెద్దమనిషి.

"వంతులు ఉండాల్సిందే," అందామె. "నేను ఇక ఎవరింటికీ పోను. వానాకాలం గట్లు చూడను వీళ్లే నా దగ్గరికి వంతులేసుకుని రావాలె."

ఆమె ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. ఆమె ఉన్నన్నాళ్లూ గట్టు మీద కంది ఉంది.

నీతి

అమ్మ గొప్పదన్నది ఈ కథలో నీతి కాదు. అది ఆ ముగ్గురు కొడుకులకీ తెలుసు. తెలిసే వంతులు వేశారు. నీతి ఇది: దేనికి కాగితం మీద పేరు లేదో దాన్ని చెక్కుకోవడానికి ఎవరికీ చెయ్యి వణకదు, ప్రేమున్న వాళ్లకి కూడా. ఆ పెద్దవాడు దుర్మార్గుడు కాదు. "అది నాది" అనే మనిషి గట్టు మీద నిలబడ్డ రోజున పార దించాడు, మనిషి లేని రోజున ఎత్తాడు.

ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో పత్తి, మిరప చేలకి పొద్దున్నే వెళ్లి చూడండి. వంగి ఉన్న నడుముల్లో ఎక్కువ ఆడవాళ్లవే. నాటు, కలుపు, పత్తి తీత, మిరపకాయ ఏరడం, కల్లంలో తాలు ఏరి ఎండబెట్టడం, విత్తనం దాచడం వాళ్లవి. మిరప బస్తా ఖమ్మం మార్కెట్టుకి వెళ్లేటప్పుడు మాత్రం రైతు పేరు దగ్గర వేరే పేరు పడుతుంది. 2018లో తెలంగాణలో రైతుబంధు వచ్చింది, ఇప్పుడది రైతుభరోసా. డబ్బు పాసుపుస్తకం ఎవరిదైతే వాళ్ల ఖాతాలో పడుతుంది. అదే ఏడు వచ్చిన రైతుబీమా కూడా పాసుపుస్తకం చూసే ఇస్తారు, 18 నుంచి 59 ఏళ్ల లోపు వాళ్లకి, 5 లక్షలు. భర్త చనిపోతే ఇంటికి ఆ 5 లక్షలు వస్తాయి. పక్క సాల్లో అదే పని చేసిన భార్య పాము కరిచి చనిపోతే, ఆమె పేర గుంట భూమి కూడా లేకపోతే, ఆ బీమా దృష్టిలో చనిపోయింది రైతు కాదు. నాకు ఇది అన్యాయంగా కనిపిస్తుంది, ఎన్నిసార్లు తలుచుకున్నా.

భూమి పేర ఉన్నా లేకపోయినా సేద్యం చేసే ఆడమనిషిని రైతుగానే గుర్తించి, గ్రామం నుంచి ఆ మేరకు ధ్రువపత్రం ఇవ్వాలని ఎం.ఎస్. స్వామినాథన్ రాజ్యసభ సభ్యుడిగా ఉన్నప్పుడు ఒక బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. ఐక్యరాజ్యసమితి 2026ని అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. సంతోషమే. కానీ మన అడవి అంచున ఉన్న ఒక విషయం దానికంటే దగ్గరిది.

2006 అటవీ హక్కుల చట్టంలో నాలుగో సెక్షన్, నాలుగో ఉపసెక్షన్ చదవండి. పోడు భూమికి ఇచ్చే హక్కు పత్రం పెళ్లైన వాళ్లకైతే భార్యాభర్తలిద్దరి పేరా కలిపి రాయాలి. దయతలిచి చేర్చేది కాదు, చట్టం పెట్టిన షరతు. 2023 జూన్ నుంచి తెలంగాణ ప్రభుత్వం 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచింది, ఎక్కువగా అందుకున్న జిల్లాల్లో భద్రాద్రి కొత్తగూడెం ఒకటి. అంటే కథలోని గూడెం చెల్లెకి, ఆమె మొగుడు బతికుండగానే, ఆమె సాగుచేసిన నేల కాగితం మీద పేరుండాలని చట్టం చెబుతోంది. నాలుగు ఫర్లాంగులు దిగి వచ్చి, పట్టా భూమిలోకి అడుగుపెడితే, గట్లు వేసిన అక్కకి అలాంటి చట్టం లేదు.

అక్కకి వేరేది ఉంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా రాయకుండా భర్త పోతే అతని ఆస్తిలో భార్యకి బిడ్డలతో సమానంగా ఒక వాటా. కొడుకుకి ఎంతో కూతురికీ అంతే. కథలో చింతచెట్టు కింద పడాల్సింది మూడు చీటీలు కాదు, అయిదు. సత్తుపల్లి కూతుర్ని ఎవరూ పిలవనే లేదు, ఆమె కూడా ఆ దిగువ గట్టు మట్టిలో ఆడుకుంటూ పెరిగిన పిల్లే. చెల్లె సంగతి మళ్లీ వేరు. షెడ్యూల్డు తెగలకి ఆ వారసత్వ చట్టం వర్తించదని దాని రెండో సెక్షన్‌లోనే ఉంది. ఒకామెకి భర్త బతికుండగా కాగితం మీద పేరుంది, పుట్టింటి ఆస్తి మాత్రం తెగ ఆచారం దయ. ఇంకొకామెకి భర్త పోయాక వాటా ఉంది, బతికుండగా పేరు లేదు. ఇద్దరూ గోదావరి వరదని ఒకే కొండ మీద నుంచి చూసినవాళ్లు.

ఆడమనిషి పనికి పద్దు లేకపోవడం ఈ నేల మీద కొత్త సంగతి కాదు. భద్రాచలం గుడి కథ నేలకొండపల్లి కంచర్ల గోపన్నతో మొదలవుతుందనుకుంటాం. పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఆయన కట్టించిన గుడికి ఖర్చుంది, దానికి లెక్క అడిగిన గోల్కొండ ఉంది, జైలుంది. అంతకుముందే పుట్టలో బయటపడిన విగ్రహాల మీద ఆకుల పందిరి వేసి, పుట్ట చుట్టూ ఊడ్చి, తాటిపండు నైవేద్యం పెట్టింది భద్రిరెడ్డిపాలేనికి చెందిన పోకల దమ్మక్క అని స్థలపురాణం చెబుతుంది. ఆ పందిరికి పద్దు లేదు. అయినా భద్రాచలం ఆమె పేరు మరచిపోలేదు, ఏటా దమ్మక్క సేవాయాత్ర జరుగుతుంది. దేవుడి దగ్గర చేసిన న్యాయం చేను దగ్గర కూడా చెయ్యొచ్చు.

ఎందుకంటే చెయ్యాల్సిన చోటు చాలా మామూలుది. ఇంటి పెద్ద పోయాక భూమిని విరాసత్ చేయించుకోవడానికి తహసీల్దారు ఆఫీసుకి వెళతారు. చాలా ఇళ్లలో ఆ రోజు అమ్మని కూడా ఆటోలో తీసుకెళతారు. భూమి తన కొడుకుల పేర మారడానికి తనకి అభ్యంతరం లేదని ఆమె చేత వేలిముద్ర వేయిస్తారు. ఆమె కూడా కాదనదు, కొడుకుల మాట కాదన్న అలవాటు ఆమెకి లేదు. ఆ కాగితం మీద ఏముందో బొటనవేలికి సిరా పూసేముందు ఆమెకి చదివి వినిపించండి. "ఇందులో నీకొక వాటా ఉందమ్మా, వదులుకుంటావా, ఉంచుకుంటావా?" అని అడగండి. అడిగి, ఆమె చెప్పేదాకా ఆగండి. కూతుర్ని కూడా సత్తుపల్లి నుంచి పిలిపించండి.